నెల సరుకులు – ఇంటిల్లిపాది హక్కు

మక్కా విజయం సందర్భంగా ఇస్లాం స్వీకరించిన ఖురైష్ స్త్రీలలో హజ్రత్ హింద్ బిన్తె ఉత్బా (రజి) ఒకరు. ఆమె ఒకసారి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన ఇంటి సమస్యను దాపరికం లేకుండా విన్నవించుకున్నారు. తన భర్త అబూ సుఫ్యాన్ చేయి గట్టి మనిషి అనీ, తనకూ పిల్లలకూ సరిపడా ఇవ్వడనీ, ఆయనకు తెలియకుండా తాను తీసుకుంటే తప్ప ఇల్లు గడవడం లేదనీ చెప్పారు. దైవప్రవక్త (స) ఆమెను గద్దించలేదు. ఓర్చుకోమని చెప్పి పంపించనూ లేదు. ఆమెకూ ఆమె పిల్లలకూ సరిపడేంత, మారూఫ్ ప్రకారం, అంటే లోకరీతికి తగినట్లుగా తీసుకోవచ్చని అనుమతించారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉంది.

ధర్మశాస్త్ర పండితులు 'నఫఖా' (భార్యాబిడ్డల పోషణ వ్యయం) గురించి చర్చించేటప్పుడు ఈ హదీసును తప్పకుండా ప్రస్తావిస్తారు. ఇందులో రెండు మాటలను మనం జాగ్రత్తగా గమనించాలి. ఒకటి 'సరిపడేంత'. రెండోది 'మారూఫ్'. ఇంటి ఖర్చుకు కొలత భర్త మనసుకు తోచినంత కాదు, భార్య కోరినంతా కాదు. ఆ ఇంట్లోవారి అవసరం ఎంతో అంత. దానికి హద్దు ఆ ఊరి రీతి, ఆ మనిషి స్తోమత. కలిగినవాడు తన కలిమి నుండి, లేనివాడు అల్లాహ్ తనకు ఇచ్చిన దాని నుండి ఖర్చు చేయాలనీ, అల్లాహ్ ఎవరి మీదా వారికి ఇచ్చిన దానికి మించి భారం వేయడనీ దివ్య ఖుర్ఆన్ (65:7) బోధిస్తోంది. పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల బాధ్యతను బిడ్డ తండ్రి మీద ఉంచిన ఆయతులో (2:233) కూడా ఈ 'మారూఫ్' అన్న పదమే వచ్చింది. చాలామంది వ్యాఖ్యాతలు ఆ ఆయతును విడాకులు పొందిన తల్లుల సందర్భంలో వివరించారు. విడిపోయిన తల్లికే ఇంత హక్కు ఉన్నప్పుడు ఇంట్లో మనతోనే ఉన్న తల్లి సంగతి వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక మాట ముచ్చట. ఉర్దూలో పొదుపును 'కిఫాయత్' అంటాం. ధర తక్కువైన వస్తువును 'కిఫాయతీ' అంటాం. హింద్ (రజి) హదీసులో 'సరిపడేంత' అన్న అర్థంలో వచ్చిన అరబీ పదానిదీ, దీనిదీ ఒకటే ధాతువు. కిఫాయత్ అసలు అర్థం చాలడం, సరిపోవడం. మన ఇళ్లలో మాత్రం ఆ మాట కోత పెట్టడం అనే అర్థంలో స్థిరపడిపోయింది. ఉన్న డబ్బులో ఇంట్లో ఉన్న ప్రతి ఒంటికీ సరిపోయేలా చూడడమే కిఫాయత్ అయితే, నెల సరుకుల చీటీని మనం మరో కంటితో చూడవలసి ఉంటుంది.

జకాత్ గురించి, తలాఖ్ గురించి మా దగ్గరకు వచ్చినన్ని ప్రశ్నలు వంటింటి గురించి రావు. వచ్చినా అది హలాలా, హరామా అన్నంత వరకే. ఇంట్లో ఎవరికి ఎంత అందుతోంది అని అడిగేవారు అరుదు. అందుకే ఈ నెల పాఠానికి ఈ విషయాన్ని తీసుకున్నాను.

దస్తర్‌ఖాన్ దగ్గర చివర కూర్చునేది ఎవరు?

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల లోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద చూస్తే స్త్రీలలో 57 శాతం, అదే వయసు పురుషులలో 25 శాతం. ఐదేళ్ల లోపు పిల్లలలోనైతే 67 శాతం. ఇవి ఒక మతంవారి లెక్కలు కావు, అందరివీ. కానీ మన ఇళ్లు వీటికి వెలుపల ఉన్నాయని అనుకోవడానికి కారణం కనబడదు.

నెలసరి వల్ల, కాన్పుల వల్ల స్త్రీకి ఇనుము అవసరం ఎక్కువ. ఆ అవసరం ఎక్కువైన మనిషికే మన ఇళ్లలో తిండి తక్కువ పడుతోంది. ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, వాళ్లలోనూ ముందు మగపిల్లలు, అందరూ లేచాక ఇల్లాలు. అప్పటికి గిన్నెలో ముక్కలు ఉండవు, పులుసు ఉంటుంది. పప్పు అడుగంటి ఉంటుంది. ఆమె దాన్ని అన్నంలో కలుపుకుని, ఒక పచ్చడి ముద్ద నంచుకుని, వెంటనే ఒక కప్పు చాయ్ తాగి పనిలో పడుతుంది. మెట్లెక్కితే ఆయాసం, పొద్దస్తమానం నీరసం, కళ్లు తిరగడం. ఇంట్లోవాళ్లు దానికి సోమరితనం అని పేరు పెడతారు, లేదా దిష్టి అంటారు. రక్తహీనతతో ఉన్న తల్లికి కాన్పు సమయంలో ముప్పు ఎక్కువ. తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదమూ ఉంది.

ఈ పద్ధతికి దీన్‌లో ఆధారం ఏదీ లేదు. పైగా ఉన్నది దీనికి విరుద్ధమైనదే. హజ్రత్ ఆయిషా (రజి) తాను నెలసరిలో ఉన్న రోజులలో కూడా, తాను నీళ్లు తాగిన పాత్రనే దైవప్రవక్త (స) తీసుకుని తాను పెదవులు ఆనించిన చోటే తమ పెదవులు ఆనించి తాగేవారనీ, తాను కొరికిన మాంసపు ఎముకను తీసుకుని అదే చోట తినేవారనీ చెప్పారు (ముస్లిం). ఎముక మీది మాంసం ముందుగా ఎవరికి అందిందో చూడండి. ఇంకోసారి కొందరు సహచరులు తాము తింటున్నా కడుపు నిండడం లేదని మొర పెట్టుకున్నప్పుడు, మీరు విడివిడిగా తింటున్నారేమో అని ఆయన (స) అడిగారు. అందరూ కలిసి కూర్చుని, అల్లాహ్ నామం స్మరించి తింటే అందులో శుభం కలుగుతుందని చెప్పారు (అబూ దావూద్). పర్దా పాటించవలసిన అతిథులు ఉంటే అది వేరే సంగతి. సొంత భార్యాబిడ్డలతో రోజూ రెండు పంక్తులు ఎందుకు?

దైవప్రవక్త (స) ఇళ్లలో రెండు నెలలలో మూడు నెలవంకలు కనిపించినా పొయ్యి రాజుకోని రోజులు ఉండేవనీ, ఖర్జూరాలు, నీళ్లే ఆహారమనీ, అన్సార్ ఇరుగుపొరుగువారు అప్పుడప్పుడు పాలు పంపేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తమ అక్క కుమారుడు ఉర్వాకు చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఈ హదీసును భార్యలకు ఓర్పు నేర్పడానికి వల్లించే సోదరులు ఉన్నారు. ఆ ఇంట్లో పస్తు ఉన్నది ఇల్లాలు ఒక్కరే కాదు, ఇంటి యజమాని కూడా అన్న సంగతిని వారు మరిచిపోతారు. బయట హోటలులో బిర్యానీ తిని వచ్చి ఇంట్లో ఈ హదీసు చెప్పేవాడు దాన్ని చదివినవాడే గాని అర్థం చేసుకున్నవాడు కాడు. తన పోషణలో ఉన్నవారికి అందవలసిన తిండిని ఆపివేయడం ఒక్కటే మనిషికి చాలినంత పాపమని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). మరోవైపు భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యం ఉందని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం).

హలాల్ సరే, తయ్యిబ్ సంగతి?

భూమిలో ఉన్న వాటిలో హలాల్ అయినవి, తయ్యిబ్ అయినవి తినమని ఖుర్ఆన్ (2:168) మానవులందరినీ ఉద్దేశించి చెబుతోంది. తయ్యిబ్ అంటే శుభ్రమైనది, మేలైనది. మనం మొదటి మాటను బాగానే పట్టుకున్నాం. జబీహా గురించి కసాయిని నాలుగుసార్లు అడుగుతాం. రెండో మాట దగ్గర జారిపోయాం. పిల్లవాడు పది రూపాయల కుర్‌కురే పాకెట్టు కొనుక్కుంటే అందులో హరామ్ పదార్థం లేదు కదా అని ఊరుకుంటాం. దాన్ని హరామ్ అని ఫత్వా ఇవ్వడం నా ఉద్దేశం కాదు. లెక్క మాత్రం చూడమంటాను.

ఇద్దరు పిల్లలు, రోజుకు చెరి పది రూపాయలు. నెలకు 600. గుడ్డు ఏడు రూపాయలు అనుకుంటే 85 గుడ్లు. అంటే ఆ పిల్లలిద్దరూ నెలంతా రోజుకొకటి తినగా ఇంకా పాతిక గుడ్లు తల్లికి మిగులుతాయి. గుడ్లు కొనే స్తోమత లేదని చెప్పే ఇంట్లోనే ఈ 600 చీటీ మీదికి ఎక్కకుండా పోతోంది. పిల్లల చేతి ఖర్చు, మగవాళ్ల హోటలు చాయ్, పాన్, గుట్కా, ఇవేవీ సరుకుల లెక్కలో ఉండవు. అందుకని మొదటి పని, ఒక నెలపాటు ఇంట్లోంచి నోటికి సంబంధించి బయటకు పోయిన ప్రతి రూపాయినీ రాసి చూడడం. గుట్కా, జర్దా సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒంటికి హాని చేసేదాని మీద పెట్టే డబ్బు భార్యాబిడ్డల నోటి దగ్గరిది.

చీటీ లెక్క

మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార సూచనలను కొత్తగా విడుదల చేసింది. రోజుకు సుమారు 2,000 కేలరీలు అవసరమైన పెద్ద మనిషి పళ్లెంలో ఏమేం ఉండాలో అందులో ఉంది. బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలు 250 గ్రాములు. పప్పు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పాలు 300 మిల్లీలీటర్లు. పల్లీలు, నువ్వులు వంటి గింజలు 35 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. మేస్త్రీ పని, మూటలు మోసే పని చేసేవారికి ధాన్యం ఇంతకంటే ఎక్కువే కావాలి.

ఇప్పుడు భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటిని తీసుకుందాం. లెక్క సులువుగా ఉండాలని ముగ్గురు పిల్లలనూ ఇద్దరు పెద్దల కింద కడదాం. నెలకు ధాన్యం 30 కిలోలు, నూనె 3 కిలోల పైచిలుకు, పప్పు-గుడ్డు-మాంసం కలిపి 10 కిలోలు, కూరగాయలు 48 కిలోలు వస్తాయి. మన ఇళ్ల చీటీలు ఎలా ఉంటాయి? నేను చూసినంతలో 25 కిలోల బియ్యం బస్తాలు రెండు, నూనె పాకెట్లు ఆరు, కందిపప్పు రెండు మూడు కిలోలు. కూరగాయలు అయితే ఏ రోజుకు ఆ రోజు, అవీ ఎక్కువగా ఉల్లిగడ్డ, టమాటా, ఆలుగడ్డ. అంటే కడుపు నిండేవి ఎక్కువ, ఒంటికి పట్టేవి తక్కువ. నూనె దాదాపు రెట్టింపు.

అందుకే కోత పెట్టవలసి వస్తే ముందు నూనె దగ్గర పెట్టండి. బగారాకు, సాలన్‌కు నూనె పైన తేలితేనే రుచి అన్నది మన నాలుకకు మనం నేర్పిన అలవాటు. నెలకు రెండు పాకెట్లు తగ్గినా ఆ డబ్బుతో రెండు కిలోల పప్పు వస్తుంది. పాకెట్టు కొనేటప్పుడు మీద ఉన్న గ్రాములు కూడా చూడండి. ఒకేలా కనబడే పాకెట్లన్నిటిలో ఒకే తూకం ఉండదు.

మాంసకృత్తుల (ప్రోటీన్ల) విషయంలో ఇంకో లెక్క ఉపయోగపడుతుంది. కిలో ధర కాకుండా, గ్రాము మాంసకృత్తికి ఎంత పడుతోందో చూడాలి. ఇక్కడ నేను వేసిన ధరలు ఊహకు మాత్రమే, మీ ఊరి ధరలతో మీరే తిరగరాసుకోండి. కిలో కందిపప్పు 130 రూపాయలు అనుకుంటే అందులో సుమారు 220 గ్రాముల మాంసకృత్తులు, గ్రాముకు 60 పైసలు. పల్లీలు కిలో 150 అనుకున్నా దాదాపు అంతే. మీల్ మేకర్‌లో సగం బరువు మాంసకృత్తులే కాబట్టి ఇంకా తక్కువ, 30 పైసల దగ్గర. గుడ్డులో 6 గ్రాములు, గ్రాముకు రూపాయి పైన. చికెన్ కిలో 250 అనుకుని ఎముకలు తీసేసి చూస్తే గ్రాముకు రెండు రూపాయల దగ్గరికి వస్తుంది. మటన్ కిలో 900 అయితే ఆరు రూపాయలు. ఒంటికి పట్టే విషయంలో గుడ్డు, మాంసం పప్పు కంటే మేలైనవే, అందులో సందేహం లేదు. అయితే పప్పును అన్నంతోనో రొట్టెతోనో కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి చాలావరకు పూరిస్తుంది. ఖిచిడీ పేదవాడి తిండి అని చిన్నచూపు చూడకండి. పెసరపప్పు కాస్త ఎక్కువ వేసి వండిన ఖిచిడీ, పక్కన ఒక గుడ్డు, ఒక నిమ్మ చెక్క ఉంటే అది పూర్తి భోజనం.

కాబట్టి మటన్ మానేయమని కాదు. ఆదివారం కిలో మటన్ తెచ్చి మిగతా ఆరు రోజులు పచ్చి పులుసుతో గడిపే ఇల్లు, అరకిలో తెచ్చి మిగిలిన డబ్బును గుడ్లకు, పప్పుకు, ఆకుకూరలకు మళ్లిస్తే వారమంతా తిన్నట్లవుతుంది.

సొరకాయ ముక్కలు

ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచాడు. హజ్రత్ అనస్ (రజి) కూడా వెంట వెళ్లారు. జవ రొట్టె, సొరకాయ ముక్కలతో ఎండుమాంసం వేసి వండిన పులుసు పెట్టారు. దైవప్రవక్త (స) పళ్లెంలో సొరకాయ ముక్కల కోసం వెతుక్కుని తినడం చూశాననీ, ఆ రోజు నుండి తనకూ సొరకాయ అంటే ఇష్టం ఏర్పడిందనీ అనస్ (రజి) చెప్పారు (బుఖారీ). మనం దావత్‌లో మాంసం ముక్కల కోసం వెతికే పళ్లెంలో ఆయన (స) కూరగాయ కోసం వెతికారు. మన దాల్చాను చూడండి. శనగపప్పు, సొరకాయ, నాలుగు ఎముక ముక్కలు, చింతపండు పులుపు. తక్కువ మాంసంతో ఎక్కువమందికి పెట్టే పద్ధతి మన పెద్దలకు బాగా తెలుసు. ఇప్పుడు దాన్ని పెళ్లి బిర్యానీ పక్కన నంచుకునే పులుసుగా మార్చి, ఇంట్లో వండడం మానేశాం. వారానికి రెండుసార్లు దాల్చా, ఒకసారి పాలకూర గోష్, ఒకసారి గోంగూర గోష్ చేసుకుంటే అరకిలో మాంసం ఎంత దూరం వస్తుందో మీకే తెలుస్తుంది.

పులుసు వండేటప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి ఇరుగుపొరుగును గుర్తు పెట్టుకోమని హజ్రత్ అబూజర్ (రజి)కు దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం). పొరుగువారికి పంపడానికి మంచి పద్ధతి ఇది. సొంత పిల్లలకు మాత్రం నీళ్లతో పాటు పిడికెడు పప్పు కూడా ఎక్కువ వేయండి, నీళ్లలో బలం ఉండదు.

జొన్న, రాగుల మాట కూడా ఇక్కడే. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి)ని, మీ కాలంలో జల్లెడలు ఉండేవా అని అడిగారు. దైవప్రవక్త (స) జల్లెడను చూడనే లేదని ఆయన బదులిచ్చారు. మరి జల్లించని జవలు ఎలా తినేవారని అడిగితే, విసిరి, ఊది, ఎగిరేది ఎగిరిపోగా మిగిలినదాన్ని తడిపి తినేవాళ్లమని చెప్పారు (బుఖారీ). దీన్ని చూపించి ఆధునిక పోషకాహార శాస్త్రమంతా హదీసులలో ముందే ఉందని వాదించడం నాకు నచ్చదు. వారు ఉన్నదాన్ని తిన్నారు, అల్హందులిల్లాహ్ అన్నారు. అయితే పొట్టుతో ఉన్న ధాన్యాన్ని నామోషీగా చూడవద్దని మాత్రం ఇందులో పాఠం ఉంది. తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంగటి ఒకప్పుడు ప్రతి ఇంటి తిండి. కాస్త డబ్బు చేతికి రాగానే తెల్లన్నం గౌరవమైపోయింది, జొన్నరొట్టె కూలివాళ్లదైపోయింది. ఇప్పుడు షుగరు వచ్చాక డాక్టరు చెబితే మళ్లీ జొన్నపిండి వెతుక్కుంటున్నాం. రాగులలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలు కొనలేని ఇంట్లో పిల్లలకు పొద్దున్నే రాగిజావ ఇవ్వడం ఎంతో మేలు.

ఇక ఇనుము. తోటకూర, మునగాకు, పప్పులు, ఉలవలు, అలసందలు, నువ్వులు, జొన్న, రాగి, మాంసంలో కలేజీ. కలేజీ మామూలు ముక్క కంటే ఇనుములో ఎంతో మెరుగు, నెలకు రెండు మూడుసార్లు తెచ్చుకోవచ్చు. గర్భిణులు మాత్రం డాక్టరును అడిగి తినాలి. ఆకుకూర, పప్పుల నుండి వచ్చే ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. నిమ్మరసం, జామకాయ, ఉసిరి వంటివి తోడైతే బాగా పడుతుంది. భోజనంతో పాటు తాగే చాయ్ దాన్ని అడ్డుకుంటుంది. మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ ఎత్తీ ఎత్తకముందే చాయ్ వస్తుంది కదా, దాన్ని ఒక గంట వెనక్కి జరపండి. భోజనానికి ముందు గంటలో కూడా వద్దు. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు.

దుబారా ఏ నెలలో ఎక్కువ?

తినండి, తాగండి, మితిమీరవద్దు అన్న ఖుర్ఆన్ ఆదేశం (7:31) ప్రతి ఇమాము నోటా వినబడుతుంది. రమజాన్ నెలలోనే ఎక్కువగా వినబడుతుంది. రమజాన్ నెలలోనే మన నూనె ఖర్చు అన్ని నెలలనూ మించుతుంది! ఇఫ్తార్‌లో బజ్జీలు, సమోసాలు, పకోడీలు తిని తరావీహ్‌లో నిలబడలేక ఆయాసపడేవారిని చూస్తూనే ఉంటాం. నానబెట్టి ఉడికించిన శనగలు, ఖర్జూరం, ఒక పండు, తర్వాత మామూలు భోజనం. పగలంతా ఖాళీగా ఉన్న కడుపుకు ఇది చాలు. ఈ నెలలో ఇల్లాలి గంటలు కూడా పొయ్యి దగ్గరే గడిచిపోతున్నాయి. ఆమెకూ తిలావత్ చేయాలని ఉంటుంది.

దావత్‌ల గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. అప్పు చేసి మూడు రకాల మాంసం పెట్టి, తర్వాత మూడు నెలలు పిల్లల పాలు తగ్గించుకున్న ఇళ్లు ఎన్నో. కరుణామయుని (రహ్మాన్) దాసులు ఖర్చు చేసేటప్పుడు దుబారా చేయరు, పిసినారితనమూ చూపరు, రెంటి మధ్య నిలకడగా ఉంటారని ఖుర్ఆన్ (25:67) వర్ణిస్తోంది. మన దగ్గర ఒకే మనిషిలో ఈ రెండూ ఉంటున్నాయి. బయటివారికి దుబారా, ఇంటివారికి పిసినారితనం.

మగవారు చేయవలసినవి

సరుకుల డబ్బు ఏ రోజుకు ఆ రోజు వంద, యాభై చేతిలో పెట్టడం వల్ల ఖర్చు పెరుగుతుంది. నెల మొదట్లో ఒకేసారి ఇస్తే ఇల్లాలు పప్పులు, ధాన్యం కలిపి కొనుక్కోగలుగుతుంది. రోజువారీ కూలీకి నెల మొత్తం ఒకేసారి ఇవ్వడం కుదరదు, వారానికి ఒకసారైనా ఇవ్వండి. కిరాణా ఖాతా మీద తెచ్చేవారు పుస్తకంలో ఏం రాశారో నెలకోసారైనా చదవాలి. కూరగాయలు సంత రోజున తెచ్చుకుంటే దుకాణం కంటే నయం. ఏ కాలంలో ఏది ఎక్కువగా పండుతుందో అదే ఆ కాలంలో చవక.

రేషను కార్డు ఉంటే జాతీయ ఆహార భద్రతా చట్టం కింద మనిషికి 5 కిలోల బియ్యం 2023 నుండి ఉచితంగా ఇస్తున్నారు. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుండి మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. బియ్యం మీద మిగిలిన ఆ డబ్బు పప్పు మీదికి, గుడ్ల మీదికి పోవాలి. అదే చట్టం (2013) ప్రకారం గర్భిణులకు, కాన్పయిన ఆరు నెలల వరకు తల్లులకు, ఆరు నెలల నుండి ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో పోషకాహారం ఉచితంగా అందాలి. మన కోడళ్లను, కూతుళ్లను అక్కడికి పంపడానికి కొన్ని కుటుంబాలు సంకోచిస్తున్నాయి. అది ఖైరాత్ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. వండిన దాంట్లో ఏముందో అన్న అనుమానం ఉంటే అడిగి తెలుసుకోండి, గుడ్డు, పాలు, పప్పు దగ్గర అనుమానానికి తావు లేదు.

ఇన్ని సర్దుబాట్లు చేసినా చాలని ఇళ్లు ఉంటాయి. ఆదాయమే లేని చోట చీటీ ఎంత చక్కగా రాసినా ఏం లాభం? అలాంటి బంధువులు, పొరుగువారు ఎవరైనా ఉంటే వారి బాధ్యత మన మీద ఉంది. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపు నింపుకునేవాడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ - అల్ అదబుల్ ముఫ్రద్). జకాత్‌కు అర్హులైన అలాంటి ఇంటికి రమజాన్‌లో ఒకసారి కిట్టు ఇచ్చి మరిచిపోకుండా, జకాత్‌ను ముందుగానే లెక్కగట్టి నెలనెలా పప్పు, నూనె, గుడ్ల రూపంలో పంపాలనుకునేవారు, వస్తురూపంలో ఇచ్చే విషయమై తమ మస్లక్‌కు చెందిన ఆలిములను అడిగి ఆ పద్ధతి చూసుకోవచ్చు. సదఖా విషయంలోనైతే ఆ ప్రశ్నే లేదు.

చివరగా ఈ నెలలో చేయదగిన పని ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష డబ్బు ఖర్చు లేకుండా చేస్తారు. భార్యను, ఎదిగిన ఆడపిల్లలను తీసుకువెళ్లి చేయించండి. గర్భం లేని స్త్రీకి 12 గ్రాముల కంటే, గర్భిణికి 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. తిండి ఒక్కదానితో సరిపెట్టుకోకుండా డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడాలి. వాటిని చాయ్‌తో గాని, పాలతో గాని మింగకూడదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి. కడుపులో తిప్పినట్లుగా ఉన్నా, మలం నల్లగా వచ్చినా భయపడి మధ్యలో మానేయకుండా, డాక్టరును అడిగి భోజనం తర్వాత వేసుకునేలా మార్చుకోవచ్చు.